ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ మ్యాథ్స్ చదువుతున్నా, నేవియర్ స్టోక్స్ దగ్గర ఆగిపోయా, వదిలేయాలా?

వదిలేయకండి. మీరు ‘బీఎస్సీ మ్యాథ్స్ అయ్యి చాన్నాళ్లయింది, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సు తీసుకున్నా, మూడో వారంలో నేవియర్ స్టోక్స్ ఈక్వేషన్లు వచ్చేసరికి వీడియో చూస్తుంటే అంతా అర్థమవుతున్నట్టే ఉంది గానీ అసైన్‌మెంట్ తెరిస్తే చెయ్యి ఆడట్లేదు’ అని రాశారు కదా. నేను గాజువాక వైపు పంపులు, పైప్‌లైన్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తా, షిఫ్టులు చేసుకుంటూనే ఇలాంటి కోర్సు పూర్తి చేశా, ఎగ్జామ్ కూడా వైజాగ్‌లోనే రాశా, కాబట్టి నాకు పనికొచ్చింది చెప్తా.

నేవియర్ స్టోక్స్ అంటే న్యూటన్ రెండో నియమాన్ని పారే ద్రవానికి రాసిన ఈక్వేషన్లే. ముందు కొత్త వీడియోలు ఆపండి. మెటీరియల్ డెరివేటివ్, అంటే ప్రవాహంతో పాటు కదిలే బొట్టుకి వేగం మారే రేటు, అదొక్కటి గట్టిగా పట్టుకోండి, ఎక్కువమంది చెయ్యి ఆగేది అక్కడే. వేసవిలో మన వీధుల్లోకి వాటర్ ట్యాంకర్ వస్తుంది కదా, దాని పైపు చివర నాజిల్ బిగించి నీళ్లు వదిలితే కాసేపటికి ధార ఒకే తీరుగా పడుతుంది, అంటే నాజిల్ లోపల ఏదో ఒక చోట నిలబెట్టి కొలిస్తే వేగం టైంతో మారదు, టైం డెరివేటివ్ సున్నా. అదే ఒక బొట్టు వెంటపడి వెళ్తే వెడల్పు చోటు నుంచి సన్నమూతిలోకి వచ్చేసరికి దాని వేగం పెరిగిపోతుంది, అంటే దానికి యాక్సిలరేషన్ ఉన్నట్టేగా. న్యూటన్ రెండో నియమం ఆ బొట్టుకి వర్తిస్తుంది, మనం కొలిచే చోటుకి కాదు, అందుకే టైం డెరివేటివ్‌కి తోడు, చోటు మారడం వల్ల వేగం ఎంత మారిందో చెప్పే వెలాసిటీ డాట్ గ్రేడియంట్ ఆఫ్ వెలాసిటీ అనే రెండో టెర్మ్ వచ్చి చేరుతుంది. ఆయిలర్ 1757లో అచ్చయిన పేపర్లో రాసిన ఈక్వేషన్లలో ఇది ఉంది, ఆ తర్వాత నేవియర్ 1822లో, స్టోక్స్ 1845లో విస్కాసిటీ (ద్రవం లోపలి రాపిడి, చిక్కదనం) టెర్మ్‌ని తెచ్చారు. వేగాన్ని వేగమే గుణిస్తోంది కాబట్టి ఈక్వేషన్ నాన్ లీనియర్ అయిపోయింది, కష్టమంతా ఇక్కడే. మూడు డైమెన్షన్లలో నునుపైన సొల్యూషన్ ఎప్పుడూ ఉంటుందా లేదా అనేది ఇంకా ఎవరూ తేల్చలేదు, అమెరికాలోని క్లే మ్యాథ్స్ ఇన్‌స్టిట్యూట్ 2000లో దీని మీద పది లక్షల డాలర్ల ప్రైజ్ కూడా పెట్టింది. అంత లోతైన విషయం ఒక వారం వీడియోల్లో ఒంటబట్టేయాలని అనుకోవద్దు.

తర్వాత ఒకే ఒక్క ప్రాబ్లం తీసుకోండి, గుండ్రటి పైపులో లామినార్ ఫ్లో, అంటే సుడులు లేకుండా పొరలుపొరలుగా పారే ప్రవాహం. సిలిండ్రికల్ కోఆర్డినేట్స్‌లో పూర్తి నేవియర్ స్టోక్స్ ఒక లాంగ్ నోట్‌బుక్ పేజీకి అడ్డంగా రాయండి, అన్ని టెర్ములూ, ఏదీ దాటేయకుండా. ఇక ఒక్కొక్కటే కొట్టేయండి, కొట్టేసిన ప్రతిదాని పక్కనా ఎందుకు కొట్టారో తెలుగులోనే రాయండి: ఫ్లో టైంతో మారట్లేదు కాబట్టి ఇది పోయింది, పైపు పొడవునా వేగం ఒకటే కాబట్టి ఇది పోయింది, చుట్టూ తిరగడం లేదు కాబట్టి ఇది పోయింది. ఆ భయంకరమైన నాన్ లీనియర్ టెర్మ్ కూడా ఇక్కడ పోతుంది, ఎందుకు పోతుందో మీ చేత్తో మీరు రాసుకున్నారంటే సగం కోర్సు వచ్చినట్టే. చివరికి ప్రెజర్ గ్రేడియంట్, విస్కాసిటీ మాత్రం మిగుల్తాయి. రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తే ఒక లాగ్ టెర్మ్ వస్తుంది, పైపు మధ్యలో ఆర్ (మధ్య నుంచి దూరం) సున్నా అయినప్పుడు అది అనంతం వైపు పోతుంది, నీళ్లకి అనంతమైన వేగం ఉండదు కాబట్టి దాని కాన్‌స్టంట్ సున్నా, గోడ దగ్గర వేగం సున్నా కాబట్టి రెండో కాన్‌స్టంట్ కూడా తేలిపోతుంది. వచ్చేది పారాబోలా, సగటు వేగం మధ్యలో ఉన్న వేగంలో సరిగ్గా సగం. మొత్తం ఫ్లో రేడియస్ నాలుగో పవర్‌తో మారుతుంది, అంటే ప్రెజర్ డ్రాప్ అంతే ఉండి రేడియస్ సగమైతే పారేది పదహారో వంతే. పని దగ్గర చూసే విషయమే నోట్‌బుక్ పేజీలో నుంచి బయటికి రావడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

అయితే ఇది ఎక్కడ చెల్లుతుందో కూడా లెక్కేసుకోండి. 25 మిల్లీమీటర్ల పైపులో నీళ్లు సెకనుకి ఒక మీటరు వేగంతో పోతుంటే రెనాల్డ్స్ నంబర్ (వేగాన్ని పైపు వ్యాసంతో గుణించి, డెన్సిటీతో భాగించిన విస్కాసిటీతో భాగిస్తే వచ్చేది) దాదాపు 25,000, పైపులో లామినార్ చెదరడం సుమారు 2,300 దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఈ ఫార్ములా అక్కడ పనిచేయదు. అదే పైపులో అదే వేగంతో 100 గ్రేడ్ లూబ్ ఆయిల్, 40 డిగ్రీల దగ్గర, అయితే నంబర్ 250, అక్కడ చక్కగా పనిచేస్తుంది. ఇలాంటి లెక్క వారానికొకటి మీ సొంతంగా వేసుకోండి, మీ పనిలో పైపులు లేకపోతే ఇంటి ట్యాంకు నుంచి వచ్చే పైపు చాలు.

మీకు బీఎస్సీలో డైవర్జెన్స్ థియరం, స్టోక్స్ థియరం వచ్చే ఉంటాయి, తిరగేస్తే గుర్తొస్తాయి. ఇండెక్స్ నొటేషన్, అంటే వెక్టర్ భాగాల్ని i, j లాంటి గుర్తులతో రాసే పద్ధతి, మాత్రం కొత్తగా నేర్చుకోవాలి, ఒక టెర్మ్‌లో ఒకే ఇండెక్స్ రెండుసార్లు వస్తే దాని మీద కూడాలి అన్నదే అందులో అసలు రూలు, స్ట్రెస్ టెన్సర్ (ద్రవం లోపలి బలాల్ని అన్ని దిక్కుల్లో చెప్పేది) వచ్చేలోపు అది చేతికి అలవాటు చేసుకోండి.

ఎగ్జామ్ సంగతి, కోర్సులో చేరడం ఫ్రీ గానీ ఎగ్జామ్‌కి విడిగా రిజిస్టర్ అయి ఫీజు కట్టాలి, ఆ డేట్ దాటనివ్వకండి. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, ఎగ్జామ్‌కి 75, సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 10, ఎగ్జామ్‌లో 30 విడివిడిగా రావాలి, కాబట్టి ఒక వారం అసైన్‌మెంట్ సరిగ్గా రాకపోయినా కంగారు పడక్కర్లేదు. ఇంట్లో కుదరకపోతే, మీరూ వైజాగ్‌లోనే ఉంటే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి, ఫోన్ బ్యాగులో పెట్టేసి పెన్నుతో కూర్చుంటే ఇంట్లో మూడు రోజులు లాగే డెరివేషన్ అక్కడ ఒక పూటలో అవుతుంది.

ఇది వచ్చాక బౌండరీ లేయర్ (గోడకి ఆనుకుని ఉండే పల్చటి ప్రవాహపు పొర) వారం మీకే నచ్చుతుంది చూడండి. జర్మన్ శాస్త్రవేత్త ప్రాంటిల్ 1904లో చేసింది ఇలాంటి కొట్టివేతే, కాకపోతే అక్కడ టెర్ములు సున్నా అవ్వవు, మిగతావాటితో పోలిస్తే చిన్నవి అని చూపించి తీసేస్తాం, ఏది చిన్నదో తేల్చడానికే స్కేలింగ్ (ప్రతి టెర్మ్ సుమారుగా ఎంత పెద్దదో అంచనా వేయడం) నేర్పిస్తారు. పైపు పేజీలో ఏ టెర్మ్‌కైనా కారణం తోచకపోతే ఆ టెర్మ్ ఇక్కడ రాయండి, డ్యూటీ దిగాక చూసి జవాబిస్తా.