విశాఖ నడిబొడ్డున పెద్దవాళ్లకి తక్కువలో గది ఎక్కడ చూసుకోవాలి?

నమస్తే అండి. మీకూ మీవారికీ అరవై దాటాయి, డిసెంబరులో హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి నాలుగు రోజులుంటాం, ఊరి మధ్యలో రోజుకి పదిహేను వందల లోపు గది కావాలి అని అడిగారు. మాది పార్వతీపురం. మా ఆవిడ కంటి పరీక్షల కోసం ఆరేళ్లుగా ఏడాదికి రెండుసార్లు వైజాగ్ వస్తున్నాం, వచ్చినప్పుడల్లా రెండు మూడు రాత్రులు ఉంటాం.

ముందు మాట, బీచ్ పక్కన గది కోసం ఆశపడకండి. మొదటిసారి మేం చేసిన పని అదే. ఫోన్లో ఫొటో చూసి, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని మురిసిపోయి డబ్బు కట్టేశాను. తీరా వెళ్తే గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. సముద్రం కనిపించే మాట నిజమే, బాత్రూంలో బకెట్ బోర్లించి దాని మీద ఎక్కితే. పైగా బీచ్ దగ్గర్నుంచి ఊళ్లోకి రావాలంటే చాలా చోట్ల ఎగుడు ఎక్కాలి. మ్యాపులో అర కిలోమీటరే అని చూపిస్తుంది గానీ, అది ఎగుడని చెప్పదు. ఆ మూడు రోజులూ మా ఆవిడ మోకాళ్లు పట్టుకుని కూర్చోవడం, నేను తిట్లు తినడం.

అప్పట్నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ (ఊరి పెద్ద బస్టాండు), ఆశీల్‌మెట్ట, డాబాగార్డెన్స్ మధ్యలోనే దిగుతున్నాం. పాతకాలం లాడ్జీలు, చిన్న హోటళ్లు ఆ సందుల్లో బోలెడు. పోయినసారి ఏసీ లేనిది తొమ్మిది వందలకి, ఏసీది పదమూడు వందలకి చెప్పారు. డిసెంబరంటే సీజను కాబట్టి ఇంకో రెండు మూడొందలు ఎక్కువే అనుకోండి. రైల్వే స్టేషన్ రెండు కిలోమీటర్ల లోపే. కాంప్లెక్స్ నుంచి సింహాచలానికి 6ఏ బస్సు ఉంది, కొండ కింద దిగితే పైకి దేవస్థానం బస్సు. రుషికొండ, భీమిలి వైపు 900కె. ఆంధ్రాలో ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా అనుకునేరు, అది ఇక్కడి చిరునామా ఉన్నవాళ్లకే. మీ ఆధార్ హైదరాబాద్‌ది అయితే టికెట్ కొనాల్సిందే.

ఇక గది ఎంచుకోవడం. యాప్‌లో చూసుకోండి, కానీ డబ్బు కట్టే ముందు లాడ్జికి ఫోన్ చేయండి. నేను మొదట అడిగేది లిఫ్ట్ గురించి కాదు, కరెంటు పోతే లిఫ్ట్ నడుస్తుందా అని. అవతలివాళ్లు నసిగితే కింది అంతస్తు గదే అడగండి. తర్వాత వెస్ట్రన్ కమోడ్ ఉందా, వేడినీళ్లు గీజర్‌లోంచి వస్తాయా, లేక పొద్దున ఓ గంటే వదులుతారా. కింద బార్ ఉందా అని కూడా సిగ్గుపడకుండా అడిగేయండి. ఓసారి అడగక, అర్ధరాత్రి దాకా మెట్ల మీద జరిగిన రాజకీయ చర్చలన్నీ విన్నాం.

మీకు అన్నిటికన్నా ముఖ్యమైంది చెక్ అవుట్. గోదావరి ఉదయం ఆరు ప్రాంతంలో చేరుస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకి రోజు మారే చోట అప్పుడే గదిలోకి దిగితే, ఆ ఆరు గంటల కోసమే ఓ రోజు అద్దె పోయినట్టే. ఇరవైనాలుగు గంటల చెక్ అవుట్ ఉన్న లాడ్జీలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి, అవే వెతకండి. దొరక్కపోతే మొదటి రోజుకి స్టేషన్లో రిటైరింగ్ రూం, అంటే రైల్వేవాళ్లు ప్రయాణికులకి అద్దెకిచ్చే గది, ప్రయత్నించండి. టికెట్ మీది పీఎన్ఆర్ నంబరు ఉంటే ఐఆర్‌సీటీసీ సైటులో బుక్ అవుతుంది, కాకపోతే త్వరగా నిండిపోతాయి. రేటు చెప్పినప్పుడు జీఎస్టీ కలిపే చెప్పారా అని అడగండి. వెయ్యి లోపు గదికి కూడా 2022 జులై నుంచి పన్ను ఉంది.

డార్మిటరీ హాస్టళ్లు చవకే గానీ పై మంచం ఇస్తే ఎక్కగలరా? కొన్నిచోట్ల వయసు పరిమితి కూడా పెడతారు. నేనైతే వద్దంటాను.

బీచ్ సంగతంటారా, పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వెళ్లండి. ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపేస్తారు, అప్పుడు నడవడానికి ఎంత హాయిగా ఉంటుందో. ఆ బీచ్ ఒడ్డునే మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ సోమవారం మూసి ఉంటుంది. పైగా లోపల ఇరుకు, గుమ్మాల దగ్గర వంగి దాటాలి, మోకాళ్ల నొప్పులుంటే బయట నుంచి చూస్తే చాలు. మీరొచ్చేది మార్గశిరంలో అయితే గురువారం నాడు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర విపరీతమైన జనం, ఇంకో రోజు వెళ్లండి.

రైలు దిగాక ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపే బయటికి రండి. స్టేషన్‌కి అవతలి పక్క, జ్ఞానాపురం వైపు తేలారంటే ఊళ్లోకి రావడానికి ఆటో చుట్టు తిరిగి రావాలి.