మూలకణ మార్పిడి తర్వాత నోరు మండుతుంటే అది ‘వేడి’ అనుకోకండి

మీ నాన్నగారికి రక్త క్యాన్సర్ వచ్చి, బాబాయిగారి మూలకణాలతో (రక్తాన్ని తయారుచేసే కణాలు, స్టెమ్ సెల్స్) మార్పిడి జరిగి తొమ్మిది నెలలైందనీ, ఇప్పుడు నోటి మంటతో చారన్నం కూడా తినలేకపోతున్నారనీ, వేడి చేసిందని ఇంట్లో బి-కాంప్లెక్స్ మాత్రలు, మజ్జిగ ఇస్తున్నారనీ రాశారు. దయచేసి మార్పిడి చేసిన డాక్టరుకు ఈ వారంలోనే చూపించండి. నేను డాక్టరును కాను. కానీ ఇదే దారిలో నడిచి, ఆలస్యం చేసి రెండు పళ్లు పోగొట్టుకున్నాను.

నాకు 2018లో హైదరాబాద్‌లో మా అక్క మూలకణాలతో మార్పిడి జరిగింది. దానికి ముందు ఇచ్చిన మందుల ప్రభావంతో వారం తిరిగేసరికి నోరంతా పూసింది. ఉమ్మి మింగడానికి కూడా ప్రాణం పోయేది. కొత్త తెల్లకణాలు పెరగడం మొదలయ్యాక, మూడో వారానికల్లా ఆ పుండ్లు మానిపోయాయి. నోటి బాధ అంతటితో తీరిపోయిందనే అనుకున్నాను.

ఏడో నెలలో ఒక ఉదయం, రోజూ వాడే పుదీనా పేస్టే నిప్పులా తగిలింది. తర్వాత ఆవకాయ, గోంగూర, చివరికి పోపులో వేసిన ఒక్క ఎండుమిరపకాయ కూడా పడలేదు. అద్దంలో చూసుకుంటే బుగ్గల లోపల సన్నని తెల్లగీతలు ముగ్గులా అల్లుకుని ఉన్నాయి. అందరూ వేడి అన్నారు, నేనూ నమ్మాను. సబ్జా గింజలు, పెరుగన్నంతో రెండు నెలలు గడిపేశాను. ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అది జీవీహెచ్‌డీ. అంటే దాత నుంచి వచ్చిన రోగనిరోధక కణాలు మన శరీరాన్ని పరాయిదిగా ఎంచి దాడి చేయడం. దీర్ఘకాలిక రకం తరచుగా కనిపించే చోట్లలో నోరు ఒకటి. అయితే తెల్లగా కనిపించేదంతా అదే కాదు. ఫంగస్ కూడా తెల్లగానే ఉంటుంది, దాని మందు వేరు. అందుకే ఇంటి వైద్యం వద్దంటున్నాను. నాకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ద్రావణం ఇచ్చారు. ఐదు నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేయాలి, ఆ తర్వాత అరగంట మంచినీళ్లు కూడా తాగకూడదు. తొందరపడి నిమిషంలో ఉమ్మేసినన్నాళ్లూ గుణం కనిపించలేదు, గడియారం పెట్టుకున్నాకే మంట తగ్గింది.

ఇంతకన్నా నిశ్శబ్దంగా నష్టం చేసేది నోరు ఎండిపోవడం. ఆ దాడి లాలాజల గ్రంథుల మీదా పడుతుంది. రాత్రిళ్లు నాలుక పిడచకట్టుకుపోయి లేచేదాన్ని. నీళ్ల సీసా పక్కన పెట్టుకుంటే సరిపోతుందనుకున్నానే తప్ప, లాలాజలమే పళ్లకు కాపలా అని నాకు తెలియదు. అది తగ్గితే పళ్లు చిగురు అంచు దగ్గర పుచ్చుతాయి. పైకి నొప్పి ఉండదు, తెలిసేసరికి పన్ను మొదలంటా మెత్తబడి ఉంటుంది.

మా వీధి చివరి దంతవైద్యుడు రక్తపరీక్ష అడగకుండానే పళ్లు పీకడానికి సిద్ధమయ్యారు. ఎందుకో భయమేసి మా డాక్టరుకు ఫోను చేశాను. ముందు ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు చూడాలనీ, వాడుతున్న మందులన్నీ దంతవైద్యుడికి తెలియాలనీ గట్టిగా చెప్పారు. మీరూ ఆ మాట మరువకండి. ఎముకల బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఎప్పుడైనా ఇచ్చి ఉంటే అదీ చెప్పాలి, పన్ను తీసిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత ఫ్లోరైడ్ 5000 పీపీఎం ఉండే పేస్టు రాసిచ్చారు. మామూలు పేస్టులో ఉండేది వెయ్యి, పధ్నాలుగు వందల దాకానే. మెత్తటి బ్రష్షుతో తోమి, నురగ ఉమ్మేసి, నీళ్లతో కడగకుండా వదిలేస్తాను. భోజనం తర్వాత గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా వంట సోడా, అందులో సగం ఉప్పు కలిపి పుక్కిలిస్తాను. నోరు తడారుతోందని నిమ్మ బిళ్లలు చప్పరించనివ్వకండి, ఆ పులుపూ చక్కెరా కలిసి పళ్లను తినేస్తాయి. పంచదార లేని చూయింగ్ గమ్ మేలు. ఆల్కహాల్ ఉండే మౌత్‌వాష్, లవంగ నూనె, పటిక దగ్గరకు రానీయకండి.

తిండి సంగతి చెప్పాలంటే, పచ్చిమిర్చి లేని పెసరపప్పు, నెయ్యి, సొరకాయ కూర నన్ను బతికించాయి. పండగ పూట అందరూ పులిహోర తింటుంటే ఆయన పెరుగన్నం ముందు కూర్చోవడం చాలా కష్టం. ఆ రోజు ఇంట్లో ఇంకొకరైనా ఆయనతోపాటు చప్పిడి తినండి. మా అక్క నాకోసం అలాగే చేసేది.

ఇంకొక్కటి, భయపెట్టడానికి కాదు. నోటిలో జీవీహెచ్‌డీ ఉన్నవారికి ఏళ్లు గడిచాక కూడా నోటి క్యాన్సర్ ముప్పు మామూలు వారికన్నా ఎక్కువ. నేను ఆరు నెలలకోసారి నాలుక కింద, పక్కల, అంగిలి అన్నీ చూపించుకుంటాను. రెండు వారాలు దాటినా మానని పుండు, చేతికి గట్టిగా తగిలే మచ్చ కనిపిస్తే ఆగకూడదు. నాన్నగారికి చుట్ట, ఖైనీ, జర్దా కిళ్లీ అలవాటుంటే ఈ రోజే మాన్పించండి.

వెళ్లేముందు ఫోను లైటు వేసి బుగ్గల లోపలి ఫొటోలు తీసుకోండి. నోటి మంట తీవ్రత రోజూ ఒకేలా ఉండదు, చూపించే రోజున తగ్గి ఉంటే ఆ ఫొటోలు పనికొస్తాయి. నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంటోందో లేదో కూడా గమనించి, తగ్గుతుంటే డాక్టరుకు చెప్పండి.