లీడ్ పోస్టుకు ఇప్పుడే అడుగు, చెల్లీ

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. బీటెక్ అక్కడే చేసి, ఎంఎస్‌కు డల్లాస్ వచ్చాను. నాలుగేళ్లుగా ఒక బ్యాంకులో సైబర్ సెక్యూరిటీ అనలిస్టుని. టీమ్ లీడ్ పోస్టుకు అప్లై చేయమని మేనేజర్ అంటున్నాడు. నాన్నేమో 'హెచ్1బీ మీద ఉన్నావు, ఉన్నది కాపాడుకో బిడ్డా' అంటున్నారు. ముందు సీఐఎస్ఎస్‌పీ అనే సెక్యూరిటీ సర్టిఫికేషన్ పూర్తి చేసి తర్వాత అడగనా?

జవాబు: చెల్లీ, ఈ వారమే అప్లై చెయ్. సీఐఎస్ఎస్‌పీకి ఐదేళ్ల అనుభవం కావాలి, సంబంధిత డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారు. కాబట్టి పరీక్షకు నువ్వు సిద్ధమే, తప్పకుండా రాయి. కానీ లీడ్ పోస్టును దానికి ముడిపెట్టకు. మన వరంగల్ వైపు నుంచి వచ్చిన ఎంతోమంది తెలివైన అమ్మాయిలు 'ఇంకొక్కటి నేర్చుకున్నాక అడుగుదాం' అనుకుంటూ ఆగిపోవడం చూశాను. మనసు కష్టమవుతుంది.

అర్ధరాత్రి అలర్ట్ వస్తే లేచేది నువ్వు, లాగ్స్ (సిస్టమ్ రికార్డులు) జల్లెడ పట్టేది నువ్వు. పొద్దున పెద్దల మీటింగ్‌లో చెప్పేది మాత్రం వేరొకరు. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చేది రైతు, ధర చెప్పేది ఇంకొకరు అన్నట్టుంది మన పరిస్థితి. అక్కడే మార్పు రావాలి.

నీ రిపోర్టు తీసి చూడు. 'సర్వర్‌లో అనుమానాస్పద పవర్‌షెల్ స్క్రిప్టు కనిపించింది, బ్లాక్ చేశాం' అని ఉంటుంది. దాన్నే ఇలా రాయి: 'లోన్ కస్టమర్ల వివరాలున్న సర్వర్‌లోకి చొరబడే ప్రయత్నం జరిగింది. 40 నిమిషాల్లో ఆపాం. డేటా బయటికి పోయిన ఆనవాళ్లు ఇప్పటిదాకా దొరకలేదు. ఇదే లోపం ఇంకో మూడు సర్వర్లలో ఉంది. సరిచేయాలంటే శనివారం రాత్రి రెండు గంటలు సిస్టమ్ ఆపాలి, మీ అనుమతి కావాలి.' కింద నీ పేరు పెట్టు. నష్టమేంటో, ఏం చేయాలో, ఎవరు ఒప్పుకోవాలో అందులో తేలిపోతుంది. లీడ్ పని అదే.

ఇలా చెప్పగలిగేవాళ్లు కంపెనీలకు ఇప్పుడు చాలా అవసరం. 2023లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ తెచ్చిన రూలు ప్రకారం, స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ తనపై జరిగిన దాడి ఇన్వెస్టర్లకు ముఖ్యమైనదని తేల్చుకున్నాక నాలుగు పనిదినాల్లో బయటపెట్టాలి. ఆ నిర్ణయం తీసుకునేవాళ్లకు పవర్‌షెల్ లాంటి టెక్నికల్ మాటలు అర్థం కావు, విడమరిచి చెప్పే మనిషి కావాలి. 2024లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తెచ్చిన సైబర్ సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్ 2.0లో 'గవర్న్' (పైస్థాయి నిర్ణయాలు, బాధ్యతలు) అనే విభాగాన్ని కొత్తగా చేర్చారు. అది ఒకసారి చదువు.

నాన్నగారి భయం ఉత్తది కాదు. పని బాగా మారితే హెచ్1బీకి కంపెనీ అమెండ్‌మెంట్ (మార్పు దరఖాస్తు) వేయాల్సి రావొచ్చు. గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టయిన పర్మ్ (కార్మిక శాఖ అనుమతి) మొదలై ఉంటే, కొత్త పోస్టుకు మళ్లీ చేయాల్సి రావొచ్చు. అయితే ఐ-140 (గ్రీన్‌కార్డుకు కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో నీ స్థానం చెప్పే తేదీ) మామూలుగా నీతోనే ఉంటుంది. కొత్త బాధ్యతల జాబితా కంపెనీ లాయర్‌కు మెయిల్ చేసి, జవాబు రాతపూర్వకంగా తీసుకో. అది చూపిస్తే నాన్నకూ టెన్షన్ తగ్గుతుంది.

2012లో మొదలైన వీసిస్ (WiCyS) అని సైబర్ సెక్యూరిటీలో ఉన్న ఆడవాళ్ల సంస్థ ఉంది, మెంటర్లను కలుపుతారు, చేరు. ఈలోగా మేనేజర్‌తో ఒక్క మాట అను: 'వచ్చే పెద్ద ఇన్సిడెంట్ కాల్‌లో వివరాలు నేనే చెప్తాను.'