మీరడిగారు: పగిలే గణపయ్య, ఎర్ర కోర్టు, ఎగిరే బిళ్ల

ప్రశ్న: చెరువు మట్టితో అడుగెత్తు వినాయకుణ్ణి చేస్తే రెండో రోజుకే పొట్ట మీద నెర్రెలు వస్తున్నాయి, తొండం ఊడిపోతోంది. ఏం కలపాలి? – పాఠకురాలు, దేవరకొండ

జవాబు: బంకమట్టి రేణువులు 2 మైక్రాన్ల కంటే సన్నం. వాటి నడుమ నీళ్లు ఉన్నంతసేపే మట్టి సాగుతుంది. నీళ్లు ఆరితే రేణువులు దగ్గరికి జరిగి బొమ్మ చిక్కిపోతుంది. పైపొర ఆరిపోయి లోపల తడి మిగిలితే పైన నెర్రె విచ్చుకుంటుంది. నల్లరేగడి చేల నుంచి నీళ్లు దిగే చెరువు మట్టయితే ఈ బాధ మరీ ఎక్కువ.

ముందు మట్టిని కొలవండి. పట్టీలా చేసి, దాని మీద 10 సెంటీమీటర్ల గీత గీసి నీడన ఆరనివ్వండి. గీత 9కి దిగితే ఆ మట్టిని ఒట్టిగా వాడొద్దు. రాత్రంతా నానబెట్టి, దోమతెర గుడ్డలో వడగట్టి, తేరాక పై నీళ్లు వంచేయండి. మిగిలిన ముద్దకు పది పాళ్లకు రెండు పాళ్ల సన్న ఇసుక, గుప్పెడు తరిగిన కొబ్బరి పీచు కలిపి బాగా పిసకండి. ఇసుక మరీ ఎక్కువైతే చెవులు, వేళ్లు నిలవవు.

పొట్టను మూడు వేళ్ల మందానికి మించనివ్వకండి, కింది నుంచి లోపల తొలిచేయండి. పుల్ల పెడితే దానికి కాగితం చుట్టండి. మట్టి చిక్కుతుంది, పుల్ల చిక్కదు, అందుకే అక్కడే పగులుతుంది. తొండం ఊడేది మాత్రం ఆరిన మొండేనికి పచ్చి ముక్క అతికించడం వల్ల. రెండూ ఒకే తడి మీద ఉన్నప్పుడే రెండు వైపులా గీరి, చిక్కటి మట్టి గుజ్జు పూసి నొక్కండి. మొదటి రెండు రోజులు తడిగుడ్డ కప్పి, తర్వాత నీడన ఆరబెట్టండి. ఎండా వద్దు, ఫ్యానూ వద్దు. నెర్రె వచ్చిందా, దాన్ని తడిపి, నానిన కాగితం కలిపిన గట్టి మట్టి కూరండి. పల్చటి గుజ్జు పోస్తే అదీ చిక్కి మళ్లీ విచ్చుతుంది. రంగుకు జాజు, పసుపు, సున్నం చాలు. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రబడుతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా బడి వెనక నల్లరేగడి జాగా ఉంది. ఫ్రెంచ్ ఓపెన్‌లో లాంటి క్లే (మట్టి) టెన్నిస్ కోర్టు వేయొచ్చా? – వ్యాయామ ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: రేగడి మీద నేరుగా వద్దు. వానకు ఉబ్బి, ఎండకు నోరు తెరుస్తుంది. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్‌లో కనిపించే ఎరుపు ఇటుకపొడి, అదీ ఒకటి రెండు మిల్లీమీటర్లే. కింద ఆరేడు సెంటీమీటర్ల సున్నపురాయి పొడి, ఆ కింద బొగ్గు చిట్టెం, కంకర, రాళ్లు. కాల్చిన ఇటుక నానినా బురద కాదు, అసలు కీలకం అదే.

మీరు 36.6 మీటర్ల పొడవు, 18.3 మీటర్ల వెడల్పున రేగడిని రెండడుగులు తీసేసి మొరం పోయండి. నాలుగంగుళాలకో పొర చొప్పున తడిపి రోలర్ తిప్పాలి. ఒకేసారి పోస్తే కింద మెత్తగా ఉండిపోయి మొదటి వానకే గుంటలు పడతాయి. అడ్డంగా ఒక అంచు నుంచి రెండో అంచుకు రెండంగుళాల వాలు ఉంచండి. పైన జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఇటుకపొడి. రోజూ ఆటకు ముందు నీళ్లు చల్లాలి, ఆట అయ్యాక గోనెపట్టా లాగాలి. ఆ తడి తప్పితే పొడి గాలికి పోతుంది, పిల్లలు జారతారు. మన వేసవిలో కోర్టు కంటే ముందు నీళ్ల సంగతి చూసుకోవడం మంచిది.

ప్రశ్న: షూటింగ్‌లో గాల్లోకి ఎగరేసి తుపాకీతో పేల్చే ‘క్లే పిజన్’ బిళ్ల మట్టిదేనా? ముక్కలు చేలో పడితే కలిసిపోతాయా? – పాఠకుడు, వనపర్తి

జవాబు: మొదట్లో కాల్చిన మట్టివే ఉండేవి. ఇప్పటి బిళ్ల సున్నపురాయి పొడికి పిచ్ (తారు లాంటి పదార్థం) కలిపి పోసింది, అడ్డంగా 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. పిచ్‌లో హాని చేసే రసాయనాలుంటాయి, తూటా గుళ్లలో సీసం ఉంటుంది. దున్ని కలపకండి, ఏరించండి. మన దేశానికి ఈ బిళ్లల మీద వచ్చిన ఒలింపిక్ పతకం 2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ గెలిచిన డబుల్ ట్రాప్ (ఒకేసారి రెండు బిళ్లలు ఎగరేసే పోటీ) వెండిది.

ప్రశ్న: బాక్సర్ ముహమ్మద్ అలీ పాత పేరులోని ‘క్లే’కూ కుండల పనికీ సంబంధముందా? – పాఠకుడు, నల్లగొండ

జవాబు: లేదు. కాసియస్ మార్సెలస్ క్లే అనేది ఆయన తండ్రి పేరు కూడా. తండ్రికి ఆ పేరు కెంటకీలో బానిసత్వాన్ని ఎదిరించిన 19వ శతాబ్దపు భూస్వామి నుంచి వచ్చింది. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించిన కొద్ది రోజులకే అలీ దాన్ని బానిస పేరని వదిలేశారు.