రక్తం ఎక్కువైందన్న రివ్యూలను ఎలా చదవాలి

2018లో ఇంగ్లండ్ పట్టణం స్ట్రాట్‌ఫర్డ్‌లోని స్వాన్ థియేటర్లో మరియా ఆబెర్గ్ దర్శకత్వంలో వేసిన జాన్ వెబ్‌స్టర్ నాటకం ‘ద డచెస్ ఆఫ్ మాల్ఫీ’ మీద రివ్యూలు ఒకదానికొకటి పొసగడం లేదు, వ్యాసంలో ఏది నమ్మాలి అని అడిగారు కదా. ఏదో ఒకటే నమ్మాల్సిన పని లేదండీ. ముందు ప్రతి రివ్యూలో వాళ్లు చూసింది వేరుగా, ఇచ్చిన తీర్పు వేరుగా రాసుకోండి. వేలాడే పశువు కళేబరం, రెండో సగంలో స్టేజంతా పరుచుకునే రక్తం, వీటి మీద పేచీ లేదు. పేచీ అంతా అది మగవాళ్ల హింసను కళ్లకు కట్టిందా, లేక వెబ్‌స్టర్ మాటల్ని మింగేసిందా అన్న దగ్గరే. నాకైతే మొదటిదే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే కథానాయిక డచెస్ నాలుగో అంకంలోనే చనిపోతుంది, ఆ తర్వాత ఒక అంకం మొత్తం చంపినవాళ్లు ఆ నెత్తుటిలోనే తిరగాలి. అయిదో అంకం పక్కన పెట్టుకుని రివ్యూలు మళ్లీ చదవండి, మీ వాదన అక్కడే దొరుకుతుంది.