నురగ ఎటు పోతోందో చూడు

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న దీవెనలు.

నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఇంజను పడవ కొన్నావని, ఈ మే నెలాఖరుకి కోటిపల్లి నుంచి యానాం దాకా వలలు వేసుకుంటూ దిగుతానంటున్నావని మీ పెద్దమ్మ చెప్పింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. రాత్రి అరుగు మీద కూర్చున్నాక మాత్రం, మనింట్లో మళ్లీ ఒకడు పడవ నెట్టే గెడ పట్టుకుంటున్నాడని చాలాసేపు మురిసిపోయాను. మీ నాన్న నీతో మాట్లాడటం మానేశాడట. దానికి కారణం ఉంది, చెప్తాను. ముందు పని సంగతి.

ఎండాకాలం ధవళేశ్వరం ఆనకట్ట గేట్లు దించేశాక మన గోదావరి గౌతమి పాయలోకి పైనుంచి వచ్చే నీళ్లు ఏపాటివిరా? పోటుకి సముద్రం నుంచి ఎక్కేవే ఎక్కువ. నిరుడు పడవ నడిచిన దారి ఈ ఏడు ఉండదు. వరద వెళ్లిన ప్రతిసారీ ఇసుక కొత్తచోట మేట వేస్తుంది. కాబట్టి ఎవరో ఫోన్‌లో పంపిన మ్యాప్ నమ్ముకుని పోకు. కోత పడే ఒడ్డు పక్కన లోతు ఉంటుంది, దాని ఎదుటి ఒడ్డున మేట ఉంటుంది. నీళ్లు నల్లగా, నున్నగా ఉన్నచోట పో. సన్నగా ముడతలు పడుతుంటే అడుగున ఇసుక పైకే ఉన్నట్టు. కొంగ నిలబడిందంటే అక్కడ మోకాల్లోతు కూడా లేదు. ఇసుక తవ్విన గోతులు ఇప్పుడు ఎక్కువయ్యాయి. మొలలోతే కదా అని దిగితే రెండో అడుగుకి నిలువు మునిగిపోతావు. గెడ వేసి చూడకుండా పడవ దిగొద్దు.

మేట ఎక్కితే ఇంజను రేజ్ చెయ్యకు, నీళ్లలో తిరిగే ఫ్యాను విరుగుతుంది. ఇంజను ఆపి, ఫ్యాను పైకెత్తి, బరువంతా వెనక్కి జరిపి, వచ్చిన దారినే గెడతో నెట్టు. మేటలు దాటే పని పోటు ఎక్కుతున్నప్పుడే పెట్టుకో. తగులుకున్నా కాసేపటికి నీళ్లే లేపుతాయి. నీళ్లు తీసే పాటులో తగులుకుంటే మళ్లీ పోటు దాకా అక్కడే కూర్చోవాలి. పోటు రోజుకి రెండు గడియలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకి, పౌర్ణమికి బాగా ఎక్కుతుంది, అష్టమికి తక్కువ. జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, కాబట్టి ఏరు సముద్రంలో కలిసే మొగ దాటొద్దు. లైఫ్ జాకెట్ తీసుకెళ్లడం కాదు, వేసుకో. నీ వయసులో నేనైతే వేసుకునేవాణ్ణి కాదు, అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఇక అసలు సంగతి.

1984. మృగశిర కార్తె వచ్చిన కొత్త. నాకు 24, మీ నాన్నకి 12. బడి తెరిచేలోపు ఒక్క రాత్రి వేటకి తీసుకెళ్లమని వారం రోజులు నా వెంట తిరిగాడు. తీసుకెళ్లాను. చీకటి పడ్డాక ఏటి మధ్య ఇసుక తిప్ప మీద పడవ ఆపి, గుంజ పాతి కట్టేసి, అన్నం వండుకున్నాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చాను, మా నాన్న నేర్పిన అలవాటు అది. పడుకోబోతూ చూస్తే పుల్ల నాలుగు వేళ్లు మునిగింది. ఇది పోటు వేళ కాదే అనిపించింది. కానీ నిద్ర ముంచుకొస్తోంది, పోటేలే అనుకున్నాను.

మీ నాన్న ఇంకా పడుకోలేదు. "అన్నయ్యా, నురగ అటు పోతోందేంటి?" అన్నాడు.

పోటుకి పెరిగే నీరైతే నురగ ఎగువకి పోవాలి. ఆ నురగ యానాం వైపు పరిగెడుతోంది. నీళ్లు పెరుగుతూ, కిందికి లాగుతున్నాయి. పన్నెండేళ్లవాడికి కనిపించింది. నేను లేచి చూడనైనా చూడలేదు. "నోర్మూసుకుని పడుకోరా" అని కసిరాను.

వీపు తడిసి మెలకువ వచ్చేసరికి గుంజ లేదు, పడవ లేదు. గిన్నె తేలుతూ పోతోంది. వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నాను. కాళ్ల కింద ఇసుక కరిగిపోతుంటే ఒక్కో పాదం పీకి పక్కన వేసుకుంటూ, ఛాతీలోతు నీళ్లలో తెల్లారేదాకా నిలబడ్డాను. వాడు ఏడవలేదు. రెండు గుప్పిళ్లతో నా జుట్టు పట్టుకుని ఉన్నాడు, అంతే. పొద్దున కొబ్బరికాయల పడవవాళ్లు చూసి ఎక్కించుకున్నాక కూడా ఆ గుప్పిళ్లు విప్పలేకపోయాడు. ఒక్కో వేలూ నేనే తీశాను.

ధవళేశ్వరం నీళ్లు దాచే డ్యామ్ కాదు నాన్నా, కాలువలకి నీళ్లు ఎక్కించే కట్ట. ఎక్కడో ఎగువన శబరి నది మీద కుంభవృష్టి కురిస్తే, పైనుంచి వచ్చిపడ్డ నీటిని ఉంచుకునే చోటు దానికి లేదు. గేట్లు ఎత్తాల్సిందే. ఆ నీళ్లు మన దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది. నీ నెత్తిన చుక్కలు మెరుస్తుండగానే వస్తాయి. నువ్వు బయలుదేరేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే.

అందుకని రోజూ పొద్దున, సాయంత్రం ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో ఫోన్ చేసి కనుక్కో. ఎంత అలసిపోయినా తిప్ప మీద పడుకోకు. ఒడ్డుకి పోయి, చెట్టు మొదలుకి పడవ కట్టి, తాడుకి వదులుంచి, గట్టు మీద పడుకో. పుల్ల గుచ్చు. మునిగితే చిన్న ఆకో నురగో ఎటు పోతోందో చూడు. నీ వెంట వచ్చే కుర్రాడు ఏదన్నా చూసి చెప్తే, అర్ధరాత్రైనా సరే, లేచి చూడు.

మీ నాన్న ఆ తర్వాత పడవ ఎక్కలేదు. కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. 2015 పుష్కరాల్లో కూడా కోటిపల్లి రేవులో మోకాలు దాటి దిగలేదు, చెంబుతో పోసుకున్నాడు. భయస్తుడని నువ్వు అనుకుని ఉంటావు. నేనూ నవ్వేవాళ్లతో కలిసి ఊరుకున్నాను. ఆ రోజు పడవలోనే, ఇంట్లో చెప్పొద్దని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు వాడు, మీ అమ్మకి కూడా.

మా నాన్న గెడ అటక మీద ఉంది, నూనె రాసి ఉంచాను. వచ్చి తీసుకెళ్లు. వచ్చేముందు ఈ ఉత్తరం మీ నాన్న చేతిలో పెట్టి, ఆ ఒట్టు అన్నయ్య తీసేశాడని చెప్పు.

మీ పెదనాన్న