మీ నాన్న కాలికి ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు

చిన్నా,

చిన్నప్పుడు పోలియో వచ్చిన ఆ కాలితో, మూడు నెలలు జిమ్‌లో తయారుచేసి మీ నాన్నను అలిపిరి మెట్ల దారిన కొండ ఎక్కిస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. తండ్రి మొక్కు గురించి ఇంతగా ఆలోచించే కొడుకున్నందుకు మా అన్నయ్య అదృష్టవంతుడు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఈమధ్య ఆయనకు నీరసంగా ఉంటోంది కదా, ముందు డాక్టరుకు చూపించు. రక్తహీనత, థైరాయిడ్ లాంటివి ఉన్నా నీరసం వస్తుంది. కాలికి ఊతగా కట్టుకునే ఆ క్యాలిపర్ కొలతలు సరిచూపించు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది ఆ కాలి లోపలి సంగతి. వెన్నుపాములోని ఒక్కో నాడీకణం నుంచి ఒక నరపు పోగు బయలుదేరి, కండరంలో కొమ్మలేసి, ఎన్నో కండర తంతువులకు అందుతుంది. తొడలాంటి చోట ఒక్కో కణం కిందే అవి వందల్లో ఉంటాయి. ఆ కణం, దాని కింది తంతువులు కలిపి ఒక మోటార్ యూనిట్. కణం సంకేతం పంపితే దాని తంతువులన్నీ ఒకేసారి బిగుస్తాయి. ఇంకా బలం కావాలంటే శరీరం మరిన్ని యూనిట్లను పిలుస్తుంది, సంకేతాలు త్వరత్వరగా పంపుతుంది. చిన్న యూనిట్లు ముందు, పెద్దవి తర్వాత. నువ్వు మామూలుగా నడిచేటప్పుడు నీ తొడలో చాలా యూనిట్లు ఖాళీగానే ఉంటాయి.

పోలియో వైరస్ చంపింది మీ నాన్న కండరాన్ని కాదురా, ఆ నాడీకణాలను. దిక్కులేని తంతువుల వైపు బతికిన కణాలు కొత్త కొమ్మలు చాచి వాటిని తమ కిందికి తెచ్చుకున్నాయి. పాకే పిల్లాడు లేచి నిలబడ్డది అలాగే. మీ నానమ్మ ఆ రోజు వీధంతా బెల్లం పంచిందట. కానీ ఆ కాస్త కణాలే మామూలుకు కొన్ని రెట్ల బరువును యాభై ఏళ్లకు పైగా లాగుతున్నాయి. వయసుతోపాటు ఆ కొమ్మలు ఒక్కొక్కటే రాలిపోతాయి. నీకు అది ఉత్తి నడక, ఆ కాలికైతే ఉన్న యూనిట్లన్నిటినీ పిలవాల్సిన పని. మిగులన్నది లేదు.

నలభై దాటాక మీ నాన్న చేసిన పని నీకెవరూ చెప్పి ఉండరు. కాలికి పని చెబితే బలం వస్తుందని ఆఫీసులో ఎవరో అన్నారు. అంతే, క్యాలిపర్ పక్కన పెట్టి రోజూ మేడమెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టాడు. మొదటి వారాల్లో నిజంగానే హుషారుగా ఉంది. కొత్త వ్యాయామం మొదలుపెట్టినప్పుడు ఎవరికైనా అంతే. కండ పెరగకముందే నరాలు ఉన్న యూనిట్లను ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. ఆయన దాన్ని చూసి పోయిన బలం తిరిగొచ్చిందనుకున్నాడు, మెట్లు పెంచాడు. సాయంత్రానికి తొడ వణికేది, చర్మం కింద కండ అదిరేది. ఫిజియోథెరపీ చేసే చెల్లెల్ని నేను ఇంట్లో ఉన్నా నాకు ఒక్క మాట చెప్పలేదు. ఓర్చుకోవడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. ఒకరోజు దిగుతుంటే మోకాలు ఒక్కసారిగా మడతపడింది. సన్నబడ్డ కాలిలో ఎముక కూడా పలచనే, తుంటి దగ్గర విరిగింది. ఎముక అతికింది గానీ పాత నడక రాలేదు. అప్పుడు నీది ఒకటో తరగతి. నాన్న నన్నెందుకు ఎత్తుకోవడం లేదత్తా అని అడిగేవాడివి. అందుకే మెట్లంటే, అందులోనూ దిగే మెట్లంటే, నాకింత భయం.

మీ ట్రైనర్ అలసిపోయాక ఇంకో పది చెయ్యమంటాడు. 2014లో మన దేశాన్ని పోలియో రహితమని ప్రకటించారు, ఆ కుర్రాడు ఇలాంటి కాలు చూసి ఉండడు. నువ్వు చూస్తూ పెరిగావు కదరా!

వ్యాయామం వద్దనను. కాసేపు చేయించు, కూర్చోబెట్టు, మళ్లీ కాసేపు. అలసట రాకముందే ఆపాలి. నీళ్లలో నడిపించగలిగితే మరీ మంచిది. మర్నాటికీ కాలు బరువుగా ఉందంటే నిన్న ఎక్కువైనట్టే, తగ్గించు. బాగున్న కాలినీ పూర్తిగా నమ్మకు, అందులోనూ కొన్ని కణాలు అప్పుడే పోయి ఉండొచ్చు.

ఆ 3,550 మెట్లు నువ్వెక్కు నాన్నా. నేను ఆయనతో బస్సులో వస్తాను. పైన వీల్‌చైర్ సంగతి ముందే కనుక్కో. వద్దని గొడవ చేస్తాడు, ఆయనతో నేను మాట్లాడతాను.

అత్త